మధుమేహం, మద్యం, తప్పే లెక్కలు

భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించి 2023లో ప్రచురించిన ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారి సంఖ్యను సుమారు 10.1 కోట్లుగా అంచనా వేసింది; 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు తెలంగాణలో సుమారు 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23 శాతం ఉన్నారని లెక్క తేల్చింది. షుగర్ మాత్రలు వేసుకుంటూ అప్పుడప్పుడో, తరచుగానో మద్యం ముట్టేవారు ఇక్కడి ప్రతి ఊరిలోనూ, ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. వారికి అన్ని వైపుల నుంచీ అందే సలహా ‘మానేయండి’ అన్న ఒక్క మాటే. ఆ సలహా సరైనదే. మద్యం విషయంలో ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది కాబట్టి, తాగని వ్యక్తి మొదలుపెట్టడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. అయితే మానలేకపోతున్న వ్యక్తికి ఆ ఒక్క మాట దగ్గరే సలహా ఆగిపోయినప్పుడు, అతడు డాక్టరు దగ్గర నిజం దాచి, ఇంట్లో సంగతి కప్పిపెట్టి, తన షుగర్‌ను తానే సర్దుకోవడానికి సొంత లెక్కలు వేసుకుంటాడు. మద్యం వల్ల మధుమేహ రోగికి వచ్చే ఆకస్మిక ప్రమాదాల్లో చాలా భాగం ఈ సొంత లెక్కల్లోనే పుడుతుంది. ఆ లెక్కలు ఎక్కడ తప్పుతాయో, వాటి స్థానంలో ఏ జాగ్రత్తలు ఉండాలో వివరించడం ఈ అధ్యాయం ఉద్దేశం.

కాలేయం చేసే పని

మనిషి తినని వేళల్లో, ముఖ్యంగా నిద్రలో, రక్తంలో చక్కెర స్థాయిని నిలబెట్టే బాధ్యత కాలేయానిది. మెదడు ఒక్కటే గంటకు సుమారు 5 గ్రాముల గ్లూకోజ్‌ను వాడుకుంటుంది. ఆ గ్లూకోజ్‌ను కాలేయం రెండు మార్గాల్లో సమకూరుస్తుంది. మొదటిది, పంట చేతికొచ్చినప్పుడు గాదెలో పోసి కరువు నెలల్లో తీసుకున్నట్టుగా, భోజనం తర్వాత గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న నిల్వను కరిగించి రక్తంలోకి వదలడం. రెండవది, ఆ నిల్వ తగ్గుతున్నకొద్దీ లాక్టేట్, అమైనో ఆమ్లాలు, గ్లిసరాల్ వంటి పదార్థాల నుంచి కొత్తగా గ్లూకోజ్‌ను తయారుచేయడం. దీనినే వైద్యశాస్త్రంలో గ్లూకోనియోజెనిసిస్ అంటారు.

మద్యం లోపలికి వెళ్లగానే కాలేయం దానిని విషపదార్థంగా గుర్తించి, విరిచి బయటికి పంపే పనికి అగ్రస్థానం ఇస్తుంది. ఆ విరిచే ప్రక్రియలో కాలేయ కణాల రసాయన సమతుల్యత మారిపోవడం వల్ల కొత్త గ్లూకోజ్ తయారీ గణనీయంగా తగ్గిపోతుంది. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే విరచగలదు కనుక, ఒక క్వార్టర్ విస్కీలోని సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ పూర్తిగా పోవడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఆరోగ్యవంతుడిలో ఈ లోటు పెద్దగా బయటపడదు. చక్కెర తగ్గగానే అతడి క్లోమం ఇన్సులిన్ విడుదలను ఆపేస్తుంది. ఇన్సులిన్ సూది వేసుకున్న వ్యక్తికి, లేదా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బలవంతంగా రాబట్టే మాత్ర మింగిన వ్యక్తికి ఆ వెసులుబాటు ఉండదు. ఒకపక్క మందు చక్కెరను దించుతూ ఉండగా, మరోపక్క కాలేయం దానిని నిలబెట్టలేని స్థితిలో ఉంటుంది. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గడాన్ని హైపోగ్లైసీమియా అంటారు. వాడుకలో ‘షుగర్ డౌన్ కావడం’ అనేది దీనినే. 54 కంటే తగ్గితే మెదడు పనితీరు దెబ్బతినడం మొదలవుతుంది.

ఒక రాత్రి, గంటల వారీగా

గ్లిమెపిరైడ్ మాత్ర రోజూ వాడుతున్న యాభై ఏళ్ల వ్యక్తి ఒక దావత్‌కు వెళ్లాడనుకుంటే, ఆ రాత్రి ఎలా గడుస్తుందో చూడవచ్చు. ఎనిమిది గంటలకు మొదలుపెట్టి మూడు పెద్ద పెగ్గులు తాగుతాడు. మంచింగ్‌గా పల్లీలు, ఉడికించిన గుడ్లు, నాలుగు చికెన్ ముక్కలు తింటాడు. మద్యం తాగినందుకు పరిహారంగా అన్నం మానేస్తాడు. పది గంటలకు గ్లూకోమీటర్‌లో 160 కనిపిస్తే ధైర్యంగా పడుకుంటాడు. అతడు తిన్నవాటిలో మాంసకృత్తులు, కొవ్వు ఉన్నాయి తప్ప గ్లైకోజెన్ నిల్వను నింపే పిండిపదార్థం దాదాపు లేదు. అర్ధరాత్రి దాటేసరికి పాత నిల్వ తగ్గుతుంది, కొత్త తయారీ ఆగి ఉంటుంది, మాత్ర మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. రెండు మూడు గంటల వేళ ఒళ్లంతా చెమట పట్టి, గుండె దడదడలాడి, మాట ముద్దగా వచ్చి, పిలిస్తే సరిగా పలకని స్థితి వస్తుంది. మామూలు రోజైతే ఇంట్లోవారు కంగారుపడి లేపుతారు. ఆ రోజు వాసన వస్తుంది కనుక ‘తాగి పడుకున్నాడు, పొద్దున్న దిగుతుందిలే’ అని వదిలేస్తారు. తూలడం, మాట తడబడటం, చిరాకు, మగత వంటి లక్షణాలు మత్తుకూ లో షుగర్‌కూ ఉమ్మడివి కావడం వల్ల వాటిని కంటితో చూసి వేరుచేయడం డాక్టరుకైనా సాధ్యం కాదు; వేలి కొన నుంచి తీసిన ఒక్క రక్తపు బొట్టు మాత్రమే ఆ తేడా చెప్పగలదు.

ప్రమాదం ఆ రాత్రితోనే తీరిపోదన్న సంగతి కూడా గమనించదగినది. టైప్ 1 మధుమేహం ఉన్న కొద్దిమంది పురుషులకు రాత్రి 9 గంటలకు వైన్ ఇచ్చి పరిశీలించిన ఒక చిన్న అధ్యయనం 2001లో డయాబెటిస్ కేర్ పత్రికలో వెలువడింది. అందులో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది మర్నాడు ఉదయం, టిఫిన్ తర్వాత. మద్యం ప్రభావం 24 గంటల వరకు ఉండవచ్చని వైద్యులు హెచ్చరించడానికి కారణం ఇదే.

నాలుగు సొంత లెక్కలు

మొదటి లెక్క, ‘విస్కీలో చక్కెర లేదు, కాబట్టి షుగర్ ఉన్నవారికి బీరు కంటే అదే మేలు’ అన్నది. విస్కీ, బ్రాందీ, వోడ్కా వంటి వాటిలో పిండిపదార్థం లేదన్నది నిజమే గానీ, పైన చెప్పిన కాలేయపు ఆటంకం ఆల్కహాల్ వల్ల వస్తుంది, తీపి వల్ల కాదు. చక్కెర లేని మద్యం ఖాళీ కడుపుతో తాగితే షుగర్ పడిపోయే అవకాశం మరింత ఎక్కువ. అదే విస్కీని తీపి కూల్‌డ్రింక్‌తో కలిపితే మొదట చక్కెర పైకి ఎగిసి, తర్వాత కిందికి జారుతుంది. ఆ మొదటి అంకెను చూసి అదనంగా ఇన్సులిన్ వేసుకోవడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

రెండవ లెక్క, తాగిన రోజు భోజనం మానేసి క్యాలరీలు సరిచేసుకోవడం. ఆల్కహాల్‌లో గ్రాముకు 7 క్యాలరీలు ఉండటం వల్ల బరువు గురించి ఆందోళన పడటంలో తప్పులేదు. క్వార్టర్ ఒక్కటే 400కు పైగా క్యాలరీలు ఇస్తుంది. కానీ ఆ క్యాలరీలు గ్లూకోజ్‌గా మారి మెదడును ఆదుకోలేవు. భోజనం మానడం అన్నిటికన్నా ప్రమాదకరమైన సర్దుబాటు.

మూడవ లెక్క, ‘మద్యం, మందు కలవకూడదు కాబట్టి ఈ రాత్రికి మాత్ర మానేద్దాం’ అన్నది. దీని ఫలితం మందును బట్టి మారుతుంది. టైప్ 1 వ్యక్తి దీర్ఘకాలం పనిచేసే బేసల్ ఇన్సులిన్‌ను మానితే, శరీరం శక్తి కోసం కొవ్వును అతిగా కరిగించి కీటోన్లనే ఆమ్లపదార్థాలతో రక్తాన్ని నింపుతుంది. కీటోఅసిడోసిస్ అనే ఈ స్థితికి ఆసుపత్రిలో చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. ఏ మందు తగ్గించాలి, ఏది ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు అన్నది ముందుగా డాక్టరుతో తేల్చుకోవలసిన విషయం.

నాలుగవ లెక్క, ‘కల్లు చెట్టు నుంచి వచ్చేది, ఒంటికి చలువ’ అన్న నమ్మకం. నీరాలో సహజంగా చక్కెర ఉంటుంది. పులిసినకొద్దీ ఆ చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. కాబట్టి ఒకే చెట్టు కల్లు పొద్దున ఒక రకంగా, సాయంత్రం మరో రకంగా పనిచేస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం కల్తీది. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలిపిన కల్లు తెలంగాణలో పదేపదే పట్టుబడింది. అలాంటి కల్లు తాగిన మధుమేహ రోగి షుగర్ పడిపోయినప్పుడు మేలుకోలేడు. దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛ, భ్రాంతులు రావచ్చు.

మందుల వారీగా జాగ్రత్తలు

ఇన్సులిన్‌తోనూ, సల్ఫొనైల్‌యూరియాలు అనే వర్గానికి చెందిన గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలతోనూ లో షుగర్ ప్రమాదం ప్రధానమైనది. మెట్‌ఫార్మిన్ విడిగా వాడితే షుగర్ పడిపోవడం అరుదు. కానీ అతిగా తాగేవారిలో, ముఖ్యంగా కాలేయం గానీ మూత్రపిండాలు గానీ దెబ్బతిన్నవారిలో, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే లాక్టిక్ అసిడోసిస్ అనే తీవ్రస్థితి రావచ్చు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు, మద్యం థయమిన్‌ను తగ్గిస్తుంది, రెండూ నరాలను పోషించేవే. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు ఉన్న వ్యక్తి తాగుతూ ఉంటే ఆ నరాల జబ్బు మరింత వేగంగా ముదురుతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. వీటిని వాడుతూ తిండి మానేసి అతిగా తాగినప్పుడు, మీటర్‌లో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ రావచ్చు. కాబట్టి ఈ మాత్రలు వాడేవారికి తాగిన మర్నాడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే దానిని హ్యాంగోవర్ అనుకుని మజ్జిగ తాగి పడుకోకుండా, కీటోన్ పరీక్ష కోసం ఆసుపత్రికి వెళ్లాలి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవారు, గతంలో క్లోమానికి వాపు వచ్చినవారు, ఫ్యాటీ లివర్ ముదిరినవారు, గర్భిణులు మద్యాన్ని పూర్తిగా దూరం పెట్టవలసినవారు.

పెగ్గు కొలత

డాక్టరు ‘ఎంత తాగుతారు’ అని అడిగినప్పుడు వచ్చే ‘ఏదో కొంచెం’ అన్న జవాబు చికిత్సకు పనికిరాదు. 42.8 శాతం ఆల్కహాల్ ఉండే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. దీనిని ఒక యూనిట్‌గా తీసుకోవచ్చు. ఈ లెక్కన పెద్ద పెగ్గు రెండు యూనిట్లు, క్వార్టర్ ఆరు యూనిట్లు, 8 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సుమారు నాలుగు యూనిట్లు. ‘బీరే కదా’ అని రెండు సీసాలు తాగిన వ్యక్తి క్వార్టర్ కంటే ఎక్కువ ఆల్కహాల్ తీసుకున్నాడన్నమాట. మద్యం మానని మధుమేహ రోగులకు అమెరికా మధుమేహ సంఘం సూచించే గరిష్ఠ పరిమితి రోజుకు పురుషులకు రెండు డ్రింకులు, స్త్రీలకు ఒకటి. అక్కడి డ్రింకు 14 గ్రాములది కావడంతో అది ఇక్కడి కొలతలో పురుషులకు మూడు చిన్న పెగ్గులకు లోపే. అది దాటకూడని హద్దు మాత్రమే, రోజూ తాగమని ఇచ్చిన అనుమతి కాదు.

గంజాయి, ఇతర మత్తుపదార్థాలు

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఏజెన్సీ నుంచి పట్టణాల కాలేజీల దాకా చేరుతున్న గంజాయి గురించి యువకుల్లో ఉన్న అభిప్రాయం, అది ఆకు కాబట్టి మద్యం కంటే నయమన్నది. గంజాయి ఆకలిని పెంచి, సమయ స్పృహను తగ్గిస్తుంది. ఇన్సులిన్ వేసుకున్నామో లేదో గుర్తుండదు, ఎంత తిన్నామో లెక్క ఉండదు. అమెరికాలోని కొలరాడోలో టైప్ 1 మధుమేహం ఉన్న పెద్దలపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, గంజాయి వాడేవారిలో కీటోఅసిడోసిస్ ముప్పు వాడనివారితో పోలిస్తే సుమారు రెట్టింపు కనిపించింది. దీర్ఘకాలం వాడేవారిలో ఆగని వాంతులు రావడం మరో సమస్య. ఆ వాంతులు, కీటోఅసిడోసిస్ వాంతులు ఒకే తీరులో ఉండి రోగనిర్ధారణను ఆలస్యం చేస్తాయి. గంజాయి చాక్లెట్ల ప్రభావం అరగంట నుంచి రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది కనుక, మత్తు ఎక్కలేదని రెండోది తినేవారు ఎక్కువ.

కొకైన్, మెథాంఫెటమిన్, ఎండీఎంఏ వంటి ఉత్తేజకాలు అడ్రినలిన్ తరహా హార్మోన్లను పెంచి చక్కెరను పైకి నెడతాయి, ఆకలిని చంపుతాయి, గంటల తరబడి మేల్కొని ఉండేలా చేసి మందుల వేళలను తప్పిస్తాయి. మధుమేహం వల్ల ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న గుండె రక్తనాళాలను బిగిస్తాయి. హెరాయిన్ వంటి నల్లమందు జాతి పదార్థాలు మగతను, శ్వాస మందగింపును తెస్తాయి. నొప్పి మాత్రగా ఇచ్చే ట్రమడాల్‌ను కొందరు మత్తు కోసమూ వాడతారు; నొప్పికి దానిని వాడేవారిలో చక్కెర పడిపోయే ప్రమాదం కూడా ఉందని 2015 నాటి పరిశోధన చూపింది. వీటిలో దేనినైనా మద్యంతో కలిపినప్పుడు ప్రమాదాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. చట్టం గురించిన భయంతో చికిత్సకు వెనుకాడేవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: 1985 నాటి మత్తుపదార్థాల నిరోధక చట్టంలోని 64ఎ సెక్షన్, స్వచ్ఛందంగా ముందుకొచ్చి గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేసుకునే వ్యసనపరులకు చిన్న పరిమాణాల కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది.

తాగే రోజు పాటించవలసినవి

మానే ప్రయత్నం ఇంకా ఫలించని వ్యక్తి కనీసం ఈ కింది క్రమాన్ని తప్పకుండా పాటించాలి.

మొదటిది, ఖాళీ కడుపుతో ఎన్నడూ తాగకూడదు. అన్నం, రొట్టె, ఇడ్లీ వంటి పిండిపదార్థం ఉన్న భోజనాన్ని తాగకముందో, తాగుతూనో తినాలి. పల్లీలు, మాంసం మాత్రమే సరిపోవు.

రెండవది, చక్కెరను తాగే ముందు, పడుకునే ముందు, మర్నాడు లేవగానే చూసుకోవాలి. పడుకునే వేళ 100 కంటే తక్కువ ఉంటే పిండిపదార్థం తినకుండా నిద్రపోకూడదు. ఇన్సులిన్ వాడేవారు తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని మరొకసారి చూసుకోవడం మేలు. తాగిన తర్వాత ఎక్కువగా కనిపించిన అంకెను దించడానికి అదనపు ఇన్సులిన్ డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు.

మూడవది, పక్కన ఉన్నవారిలో కనీసం ఒకరికి తనకు షుగర్ ఉందనీ, ఏ మందు వాడుతున్నాడనీ చెప్పి ఉండాలి. ఆ వివరాల చీటీ జేబులో ఉంచుకోవాలి. హాస్టల్లో ఉండే టైప్ 1 విద్యార్థికి ఇది మరీ ముఖ్యం.

నాలుగవది, షుగర్ పడిపోయినప్పుడు మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీటిలో కలిపి గానీ, అర గ్లాసుకు పైగా తీపి కూల్‌డ్రింక్ గానీ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. 70 దాటకపోతే అదే మోతాదు మళ్లీ తీసుకుని, ఆ తర్వాత భోజనం చేయాలి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారిలో మామూలు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. స్పృహ లేని వ్యక్తి నోట్లో ఏదీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోన్ చేయాలి. అటువంటి వేళ ఇచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్ కాలేయంలోని నిల్వను కరిగించడం ద్వారా పనిచేస్తుంది. తాగిన వ్యక్తిలో ఆ నిల్వే తక్కువ కావడంతో దాని ప్రభావం తగ్గుతుంది, కాబట్టి ఆసుపత్రికి చేర్చడంలో జాప్యం కూడదు.

ఐదవది, బండి నడపకూడదు. చట్టం రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్‌ను హద్దుగా పెట్టింది. మధుమేహ రోగికి ఆ హద్దు లోపల కూడా లో షుగర్ వల్ల దారిలోనే స్పృహ తప్పవచ్చు.

మానే దారి

తాగుడు అలవాటు స్థాయిని దాటిందో లేదో తేల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. ఎంత తరచుగా, ఎంత పరిమాణంలో తాగుతారు, మొదలుపెట్టాక ఆపుకోలేకపోయిన సందర్భాలున్నాయా, ఇతరులు ఆందోళన చెందారా వంటి ప్రశ్నలకు వచ్చే మార్కులు 8 లేదా అంతకు మించితే హానికరమైన తాగుడుగా భావించి సహాయం తీసుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు మాత్రం ఒక్కరోజులో సొంతంగా మానేయడానికి ప్రయత్నించకూడదు. ఆఖరిసారి తాగిన కొన్ని గంటలకే చేతుల వణుకు, చెమటలు మొదలై, రెండు మూడు రోజుల్లో మూర్ఛ, డెలీరియం ట్రెమెన్స్ అనే ప్రమాదకరమైన భ్రాంతి స్థితి రావచ్చు. ఆ వణుకూ చెమటలూ లో షుగర్ లక్షణాలను పోలి ఉండటం వల్ల మధుమేహ రోగిలో గందరగోళం రెట్టింపవుతుంది. ఆసుపత్రి పర్యవేక్షణలో, థయమిన్ ఇంజెక్షన్లతో, షుగర్ మందుల మోతాదు మార్చుకుంటూ మానడం సురక్షితం. జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాలకు టెలీ మానస్ 14416 నంబర్లకు ఫోన్ చేయడానికి డబ్బు అవసరం లేదు.

ఈ ప్రయత్నంలో ఇంట్లోవారి పాత్ర పెద్దది. తాగి వచ్చిన రాత్రి గొడవపడి భోజనం పెట్టకపోవడం ఎంత సహజమైన కోపమైనా, షుగర్ ఉన్న వ్యక్తి విషయంలో అది ప్రాణానికే ముప్పు. మాటలు మర్నాటికి వాయిదా వేసి, ఆ రాత్రికి అన్నం తినిపించి, మీటర్ చూసి పడుకోబెట్టడమే సరైన పని. భార్యో, తల్లో, ఎదిగిన పిల్లలో గ్లూకోమీటర్ వాడటం నేర్చుకున్న ఇంట్లో, తెల్లవారుజామున చెమటతో మూలుగుతున్న మనిషికి మత్తా, లో షుగరా అన్న ప్రశ్నకు అర నిమిషంలో జవాబు దొరుకుతుంది. డాక్టరు వైపు నుంచి కూడా మందలింపుకు ముందు ప్రశ్న రావాలి; తిట్లు తప్పవని తెలిసిన చోట నిజం చెప్పే మనిషి ఉండడు.

మధుమేహం ఉన్న ప్రతి వ్యక్తీ తదుపరి సందర్శనలో మందుల చీటీతో పాటు మూడు వివరాలు రాసుకుని వెళ్లాలి: ఏది తీసుకుంటున్నాడు, ఎన్ని యూనిట్లు, వారంలో ఎన్నిసార్లు. గంజాయి గానీ, నిద్రమాత్రలు గానీ ఉంటే అవీ ఆ కాగితం మీద ఉండాలి. ఆ కాగితం చేతిలో ఉన్న డాక్టరు సురక్షితమైన మాత్రను ఎంచుకోగలడు, ఇన్సులిన్ వేళ మార్చగలడు, మానడానికి తేదీ నిర్ణయించగలడు. ఆ కాగితం లేని డాక్టరు రాసే మందు, తాగని మనిషి కోసం రాసిన మందు. తాగే మనిషి దానిని మింగినప్పుడు ఏమవుతుందో ఆ చీటీలో ఎక్కడా ఉండదు.